అంటు కట్టే ఆవిడకి నేను నేర్పిన ఇంటర్వ్యూ

పోయిన వారం మా జెరాక్స్ షాపుకి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫోనులో ఒక బయోడేటా ఫోటో చూపించి, "ఇది మీ దగ్గరే కొట్టించారంటండీ. చాలా బాగుందండి. పేరూ ఊరూ మార్చేసి నాకూ ఇలాంటిదే కొట్టేయండి" అన్నాడు. చూశాను. నేను కొట్టిందే. ఆవిడదే. నర్సరీ ఆడవాళ్ళెవరో అప్పట్లో ముచ్చటపడి ఫోటో తీసుకున్నారు. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఆ కాగితం మాత్రం మంచి బయోడేటాకి నమూనాగా కడియం చుట్టుపక్కల ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకి ఇంకా తిరుగుతోంది.

ఇది రాయక తప్పదని ఆ రోజే అనుకున్నాను. ఆ కాగితం చూసి ఆశపడేవాళ్ళకి దాని తర్వాత ఏం జరిగిందో కూడా తెలియాలి. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎందుకంటే చేసింది నేను.

ఆవిడ పేరు రాయడం లేదు. ఇలా రాస్తానని అడగడానికి వెళితే వాళ్ళాయన, "రాయండి. ఆవిడ పేరు మాత్రం మళ్ళీ కాయితం మీద ఎక్కించకండి బాబూ" అన్నాడు.

ఆవిడని తలుచుకుంటే ముఖం కంటే ముందు ఎడమ చెయ్యి కనిపిస్తుంది. అన్నం కుడిచేత్తోనే తినేది, దణ్ణం కుడిచేత్తోనే పెట్టేది. చిన్నప్పుడు కొట్టి కొట్టి అంతవరకూ మార్చగలిగారట. అంటు కట్టేటప్పుడు మాత్రం బ్లేడు ఎడమచేతిలోకి వెళ్ళిపోయేది. సగానికి విరిచిన బ్లేడు, దానికి పిడిలాగా చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, దాన్ని చీల్చి, మంచి రకం మామిడి పుల్లని చెక్కి అందులో దించి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టి ముడి వేసేది. నేను ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టేలోపు అయిపోయేది. ఎడమచెయ్యి కాబట్టి రిబ్బను అందరూ చుట్టే వైపు కాకుండా ఎదురువైపు తిరిగేది. వెయ్యి మొక్కల్లో కలిపేసినా తన మొక్క ఏదో చెప్పేసేది.

ఆవిడకి మనిషి కళ్ళలోకి చూసే అలవాటు లేదు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ చేతుల వైపు చూసేది. ఇంకొకటి, దేన్నీ ఖాయంగా చెప్పేది కాదు. ఈ మొక్క బతుకుతుందా అని అడిగితే "చూద్దామండి." కూతురి పెళ్ళి కుదిరిందటగా అంటే "చూద్దామండి." పెళ్ళయి పిల్ల కాపురానికి వెళ్ళిపోయాక అల్లుడు మంచివాడేనా అంటే అప్పుడూ అదే మాట. "ఇంకెప్పుడు చూస్తారక్కా?" అని నవ్వితే, "చిగురేసినవన్నీ బతికినట్టు కాదు మాస్టారూ. చిగురు పుల్లలో ఉన్న నీటితో కూడా వచ్చేత్తది. రెండో చిగురు చూడాలి" అనేది.

నేను మాస్టార్ని కాను. పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా మా శాఖా గ్రంథాలయంలోనే. అక్కడున్న ఆరు బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదు. షాపులో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటానని ఆవిడే నాకు ఆ పేరు పెట్టింది. మొదటిసారి ఆధార్ కార్డు జెరాక్సుకి వచ్చినప్పుడు, నా కౌంటర్ మీద ఎండిపోతున్న క్రోటన్ కుండీలో వేలు గుచ్చి చూసి, "ఏంటండీ మాస్టారూ, చదువుకుంటా చదువుకుంటా దీని పీక దాకా నీళ్ళు పోసేత్తన్నారా? ఎండి కాదండి, మునిగి చత్తందిది" అంది. అప్పట్నుంచీ నేను మాస్టార్ని, ఆవిడ అక్క.

ఆవిడ ముప్పై ఏళ్ళు ఒకే నర్సరీలో పనిచేసింది. అంటు కట్టే రోజుల్లో షెడ్డు కింద నీడలో కూర్చునే పని. మిగిలిన నెలలు మాత్రం అందరితోపాటు ఎండలో, మట్టి కవర్లు నింపడం, మళ్ళలో కలుపు తీయడం. పోయిన ఏడాది వేసవిలో ఒకరోజు గులాబీ మళ్ళ మధ్య కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంచి, పంపేటప్పుడు డాక్టరు గారు, "ఇంకో వేసవి ఎండలో పని చేశావంటే మళ్ళీ నా దగ్గరికి కూడా తీసుకురాలేరు" అన్నారట. అది చెప్పి ఆవిడ నవ్వింది. "ఏడాదంతా నీడలో పని ఎవరిత్తారండీ నాకు? నీడలో కూర్చునేది రైతు గారే." మా దగ్గర నర్సరీ యజమానిని రైతు గారు అనే అంటారు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. కొన్నాళ్ళకి పేపర్లో రాజమండ్రి దగ్గరి ఒక పెద్ద ప్రైవేటు కాలేజీ ప్రకటన కనిపించింది. తోట సూపర్‌వైజర్ కావాలి. పదో తరగతి, లేదా నర్సరీలో అనుభవం. ఇంటర్వ్యూ ఉంటుంది. పదిమంది తోటమాలీలకి పని చెప్పి చేయించాలి, అంతే. గొడుగు వేసుకుని తిరిగే ఉద్యోగం. ఆ రోజే ఆవిడకి కబురు చేశాను.

"నేనా? ఇంటర్వ్యూనా? ఏడో తరగతి కూడా తప్పేనండీ బాబూ!"

"అనుభవం ఉంటే చాలంటున్నారక్కా. మిగతాది నేను చూసుకుంటాను."

ఇంటర్వ్యూల గురించి గ్రంథాలయంలో మూడు పుస్తకాలున్నాయి. మూడూ తెచ్చి మళ్ళీ చదివాను. ముందు చేయాల్సినవి, లోపల చేయాల్సినవి, వచ్చాక చేయాల్సినవి అని నోట్సు రాసుకున్నాను. బయోడేటా కొట్టాను. అంత మంచి బయోడేటా నేను అంతకుముందు ఎవరికీ కొట్టలేదు. తర్వాత రెండు వారాలు, నర్సరీ నుంచి ఇంటికి పోతూ రోజూ అరగంట షాపులో కూర్చునేది. నేను ఆఫీసర్ని.

"మీ గురించి చెప్పండి."

"ఏం చెప్పనండీ, మీకు తెలీందేముంది?"

"నాకు తెలియదనుకోవాలక్కా. నేను ఆఫీసర్ని."

"ఆయ్. ఆఫీసర్ గారైతే ముందు టీ తాగుతారా అని అడగాలి గదండీ."

"మీరు అడక్కూడదు. వాళ్ళే ఇస్తామంటారు, మీరు వద్దనాలి."

"ఇచ్చిన టీ వద్దంటే పొగరనుకోరూ?"

కళ్ళలోకి చూడటం రాలేదు. నుదుటి మీద చూడమన్నాను, అది వచ్చింది. జీతం వాళ్ళు చెప్పేదాకా అడగొద్దన్నాను, అదీ వచ్చింది. చివర్లో మనం కూడా ఒక ప్రశ్న అడగాలని పుస్తకంలో ఉందంటే, కాలేజీలో బోరు నీళ్ళా, కాలవ నీళ్ళా అని అడుగుతానంది. నేను తలబద్దలు కొట్టుకున్నా అంత మంచి ప్రశ్న నాకు తట్టేది కాదు.

ఒక్కటే రాలేదు.

"ఈ అంట్లు ఎవరు కట్టారు?"

"మా రైతు గారి చెయ్యండి."

ఇది నర్సరీల్లో పద్ధతి. కట్టింది ఎవరైనా, కొనడానికి వచ్చినవాళ్ళు అడిగితే పనివాళ్ళు రైతు గారి వైపే చెయ్యి చూపిస్తారు. ఎవరూ నేర్పరు. రైతు గారు పక్కన లేకపోయినా అంతే. ఆయన చెయ్యి మంచిదని పేరు వస్తేనే బేరం తెగుతుంది, అందరికీ పని ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆవిడ నోటి నుంచి వేరే జవాబు రాలేదు. మూడు పుస్తకాల్లోనూ మాత్రం ఒకే మాట ఉంది: నువ్వు చేసిన పని నేనే చేశానని చెప్పు. మొహమాటపడితే ఉద్యోగం పోతుంది.

"ఎవరు కట్టారు?"

"నేనే... కట్టానండి." అని వీధి వైపు చూసేది, ఎవరైనా విన్నారేమోనని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "దొంగతనం చేసినట్టుందండి."

మళ్ళీ అడిగేవాణ్ణి. రోజూ పదిసార్లు చెప్పించేవాణ్ణి. రెండు వారాలకి తడబడకుండా చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంటర్వ్యూ రోజున ఆటోలో నేనూ వెంట వెళ్ళాను. గంట ముందే చేరాం. నేను వరండాలో కూర్చున్నాను. లోపల ప్రిన్సిపాల్ గారు, కాలేజీ వ్యవహారాలన్నీ చూసే ఏఓ గారు, పక్కన రాసుకోవడానికి ప్రసన్న గారని ఆఫీసు ఉద్యోగిని. కాసేపటికి తలుపు తెరుచుకుని నలుగురూ బయటికి వచ్చేశారు. ఆవిడ ముందు నడుస్తోంది, వాళ్ళు వెనక. అయిపోయిందనుకున్నాను. ఆవిడ తిన్నగా గేటు పక్కనున్న మామిడి మొక్కల దగ్గరికి వెళ్ళి వంగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది. "అంట్లు కట్టడం వచ్చా అన్నారండి. మీ గేటు పక్క పన్నెండూ నేనే కట్టానండీ అన్నాను. వచ్చేటప్పుడే చూశాను, ఎదురు చుట్టు. నవ్వేరండి. చూపించమన్నారు. చూపించేను. నాటి ఏడాదైనా రిబ్బను ఎవరూ విప్పలేదండి మాస్టారూ, కాండంలోకి దిగిపోయింది. ఇంకో ఏడాదుంటే గాలికి అక్కడికక్కడ విరిగిపోయేవండి. బ్లేడు తీసి కోసేశాను."

"ఇంటర్వ్యూకి బ్లేడు తీసుకెళ్ళారా?"

"అది లేకుండా ఎప్పుడెళ్ళేనండీ?"

"ఏమన్నారు?"

"ప్రిన్సిపాల్ గారు 'అమ్మా, నువ్వు ఇన్నాళ్ళూ ఎక్కడున్నావ్?' అన్నారండి." తర్వాత తనే, "టీ కూడా ఇచ్చారు. తాగేశాను. ఏమనుకోకండి" అంది.

"ఉద్యోగం వచ్చినట్టేనక్కా" అన్నాను.

"చూద్దామండి" అంది. కానీ ఆ పూట ఆ మాట నవ్వుతూ అంది.

ఒకరి దగ్గర పనిచేసే మనిషిని ఇంకొకరు తీసుకునేటప్పుడు ముందు మాట అడగడం మర్యాద. ఏఓ గారు రైతు గారికి ఫోన్ చేశారు. ఆ కాలేజీకి మొక్కలు వేసింది ఆయనే. రైతు గారు, "బంగారంలాంటి మనిషండి, తీసుకెళ్ళండి. ఎండకి తట్టుకోలేకపోతోంది, మీ దగ్గరైతే సుఖపడుద్ది" అన్నారట. ఇది నాకు ప్రసన్న గారు తర్వాత చెప్పారు. ఆర్డరు కూడా టైపు చేశారట. సంతకం ఒక్కటే మిగిలింది.

ఇవేవీ అప్పుడు మాకు తెలియవు. నా నోట్సులో మూడో భాగం మిగిలి ఉంది: వచ్చాక చేయాల్సినవి. ఇంటర్వ్యూ చేసినవారికి రెండు రోజుల్లోపు కృతజ్ఞతతో ఉత్తరం రాయాలి. అందులో మన పనితనాన్ని మరొక్కసారి గుర్తు చేయాలి.

ఆవిడ వద్దంది. "చెప్పాల్సింది చెప్పేశాం గదండీ. నోటితో అన్నది గాలికి పోద్ది. కాయితం మీద రాత్తే బాగోదేమో."

"పుస్తకంలో ఉందక్కా" అన్నాను.

పుస్తకం మీద ఆవిడకి నాకంటే ఎక్కువ గౌరవం.

ఉత్తరం నేనే రాశాను. మంచి తెలుగులో రాశాను. గ్రంథాలయంలో లైబ్రేరియన్ సుభద్ర గారికి రెండుసార్లు చదివి వినిపించాను. అందులో ఇలా ఉంది: "మా నర్సరీ నుండి ఇతర రాష్ట్రాలకు వెళ్ళిన మామిడి అంట్లన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే. ఆ నర్సరీకి నేడున్న పేరు ప్రతిష్ఠల వెనుక నా ముప్పై ఏళ్ళ శ్రమ ఉందని సవినయంగా తెలియజేస్తున్నాను." ఆవిడ కింద సంతకం చేసింది. పోస్టులో వేసింది నేను.

ఏఓ గారికి ఆ ఉత్తరం తమాషాగా అనిపించింది. ఆయన చెడ్డవారేం కాదు. ఫోటో తీసి, "మీ నర్సరీ అంతా ఈవిడదేనట గదండీ!" అని రైతు గారికి వాట్సాప్‌లో పెట్టారు. పది నిమిషాల్లో రైతు గారు ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్లో ఉంది, ప్రసన్న గారు విన్నారు.

"నాకేం కోపం లేదండి. తీసుకుంటే తీసుకోండి. ముప్పై ఏళ్ళు ఉన్న చోటు మీదే ఇలా రాసిందంటే, రేపు మీ కాలేజీ మీద ఏం రాత్తదో, అది మాత్రం చూసుకోండి."

ఆర్డరు సొరుగులోకి వెళ్ళింది.

మర్నాడు నర్సరీలో జరిగింది ఆవిడతోపాటు పనిచేసే నూకరత్నం గారు చూశారు. రైతు గారు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ రాగానే లేచి నిలబడ్డారు. భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపారు.

"రండి రండి. మీరు వచ్చేదాకా మేం కూర్చుంటే బాగుంటదాండీ? కూర్చోండి. ఏం చెయ్యమంటారో చెప్పండి, చేత్తాం."

పనివాళ్ళందరూ చూస్తున్నారు. ఆవిడ అలాగే నిలబడింది. ఆయన కూడా కూర్చోలేదు. ఇద్దరి మధ్యా కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి ఆవిడ వెనక్కి తిరిగి గేటు దాటి వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా నా షాపుకే వచ్చింది. ఏడవలేదు. బల్ల మీద కూర్చుని నా చేతుల వైపు చూస్తూ, "ముప్పై ఏళ్ళలో మొదటిసారి మా రైతు గారు నన్ను 'మీరు' అన్నారండి" అంది.

ఆ సాయంత్రం నేను రైతు గారి దగ్గరికి వెళ్ళాను. ఆ ఉత్తరం రాసింది నేనని చెప్పాను.

"తెలుసండి. ఆవిడకంత తెలుగెక్కడొచ్చు? చక్కగా రాశారండి. సంతకం మాత్రం ఆవిడదే గదండీ" అన్నారు. కూర్చోమన్నారు. టీ ఇప్పించారు. ఆయన ముఖం చూస్తే నిజంగానే దెబ్బ తిన్న మనిషిలా ఉన్నారు. ఆయనకి ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు. టీ తాగి వచ్చేశాను.

నర్సరీకి రావద్దని ఆవిడతో ఎవరూ అనలేదు. వెళితే పని ఉండేది కాదు, అంతే. షెడ్డు కింద ఆవిడ కూర్చునే చోట వేరే ఆవిడ కూర్చుంది. ఉత్తరం ఫోటో అప్పటికే రైతులందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. వేరే నర్సరీలకి వెళితే, "మీలాంటోళ్ళకి మేం పని చెప్పగలమాండీ?" అని నవ్వి పంపించేశారు. పేరూ ఊరూ అడగని పని ఒకటే ఉంది, లారీ లోడింగు. బయటి రాష్ట్రాలకి వెళ్ళే మొక్కల్ని మళ్ళలోంచి ఎత్తి, తల మీద మోసి, లారీ మీదున్నవాళ్ళకి అందించడం. నడినెత్తిన ఎండ. ఆవిడ అందులో చేరింది.

వద్దని చెప్పడానికి రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. "మరి తిండండీ?" అంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి షాపుకి వచ్చింది. ముఖం నల్లగా కమిలిపోయింది. ఇంకో బయోడేటా కొట్టమంది.

"ఈసారి మా రైతు గారే కట్టేవారు, నేను పక్కన కూర్చుని పుల్లలు అందించేదాన్నని రాయండి."

"అది అబద్ధం కదక్కా."

"అబద్ధమేనండి. నిజం ఒకసారి రాసి చూశాం గదా."

కొట్టాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కొట్టాను. చదివి వినిపించమంది, వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "ఇది బాగుందండి, ఎవరికీ కోపం రాదు" అంది. నాలుగు కాపీలు తీసుకుని నాలుగు నర్సరీల్లో ఇచ్చింది. ఎవరూ పిలవలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం లోడింగు దగ్గర పడిపోయింది. రాజమండ్రి పెద్దాసుపత్రికి చేరేలోపే పోయింది. వడదెబ్బ అన్నారు.

పనివాళ్ళందరికంటే ముందు వచ్చినవారు రైతు గారే. ఖర్చులన్నీ ఆయనే పెట్టుకున్నారు. పాడె దగ్గర నిలబడి, "అంటు కడితే దానిదే చెయ్యి. అలాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు" అని నలుగురిలో ఏడ్చారు. ఆ మాట నేను విన్నాను. ఆయన దొంగ ఏడుపు ఏడవలేదని ప్రమాణం చేసి చెప్పగలను. అందువల్ల నాకు ఓదార్పేమీ కలగలేదు.

ఆ మూడు పుస్తకాలూ గ్రంథాలయంలోనే ఉన్నాయి. వాటిల్లో ఉన్నది తప్పని నేను అనలేను. రాసినవాళ్ళు ఎక్కడి మనుషుల కోసం రాశారో నాకు తెలియదు. మా కడియంలో మనుషులు ఎలా ఉంటారో నాకు తెలుసు. తెలిసి కూడా పుస్తకాన్నే నమ్మాను. ఆవిడ వద్దన్నది, ఒక్కసారి.

ఎలక్ట్రీషియన్‌కి బయోడేటా కొట్టి ఇవ్వలేదు. వేరే షాపుకి వెళ్ళమన్నాను. "ఏంటండీ, వచ్చిన బేరాన్ని పొమ్మంటారు?" అని విసుక్కుంటూ వెళ్ళాడు.

ఇది రాయడానికి సాయం చేసినవారికి నా కృతజ్ఞతలు. ఉత్తరం విన్న రోజున బాగుందన్నందుకు ఇప్పటికీ బాధపడుతూ, ఈ రాతని మాత్రం మూడుసార్లు దిద్దిపెట్టిన సుభద్ర గారికి. దాచాల్సిన అవసరం ఉన్నా దాచకుండా జరిగింది చెప్పిన ప్రసన్న గారికి. ప్రసన్న గారు ఇప్పుడు ఆ కాలేజీలో లేరు. రాజమండ్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకంటే బాగా గుర్తు పెట్టుకున్న ఆటో వీర్రాజు గారికి. పేరు రాస్తే ఆవిడ పేరు తెలిసిపోతుంది కాబట్టి రాయలేకపోతున్న వాళ్ళాయనకి. ఆ మధ్యాహ్నం అంబులెన్సు వచ్చేదాకా, తన కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుని, ఆవిడ మీద ఎండ పడకుండా నిలబడిన నూకరత్నం గారికి.